నాన్నగారి గుండె జబ్బుకీ మతిమరుపుకీ లంకె ఎక్కడుంది?

మీరు రాసినదాని సారాంశం ఇది. నాన్నగారికి 74 ఏళ్లు. తెనాలి దగ్గర ఊళ్లో అమ్మగారితో ఉంటారు, మీరు బెంగళూరులో ఉంటారు. ఆయనకి ఆరేళ్ల కిందట బైపాస్ అయింది. బీపీ, షుగరు ఉన్నాయి. కిందటేడు ఈసీజీ తీసి గుండె లయ తప్పిందని, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పారు. ఏడాదిగా మర్చిపోవడం ఎక్కువైంది, బ్యాంకు పనుల్లో తికమక పడుతున్నారు, నడక నెమ్మదించింది. బైపాస్ వల్ల మెదడు దెబ్బతిన్నదా, కొలెస్ట్రాల్ మాత్ర వల్ల మతిమరుపు వస్తుందని బాబాయి ఆపేయమంటున్నారు, ఆపాలా, లేక ఇదంతా వయసేనా అని అడిగారు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, చాలా ఏళ్లుగా ఎక్కువగా చూస్తున్నది అరవై దాటినవాళ్లనే. కొలెస్ట్రాల్ మాత్ర ఆపకండి. బైపాస్ మీద అనుమానాన్ని కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నాకు టెన్షన్ పెట్టింది మీరు పంపిన మందుల జాబితా. గుండె లయ తప్పిన మనిషికి అందులో ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, ఉంది గాని, అసలైన రక్తం పల్చబడే మందు లేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు గుండెకీ మెదడుకీ మధ్య ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. కానీ మనం పీల్చుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. నిల్వ పెట్టుకునే ఏర్పాటు దానికి లేదు, నిమిషం నిమిషం గుండె పంపాల్సిందే. మీది డెల్టా కాబట్టి ఇలా చెబితే సులువు: కాలువలో నీళ్లు తగ్గితే తలకట్టు రైతుకి తెలియదు, ముందు ఎండేది చివరి ఆయకట్టే. మెదడు లోతుల్లో ఉండే తెల్లపదార్థానికి, అంటే మెదడు భాగాల్ని కలిపే నరాల తీగలకి, రక్తం అందేది అలా చిట్టచివరి సన్నటి నాళాల ద్వారా. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, పొగ ఆ సన్నటి నాళాల గోడల్ని మందంగా, బిరుసుగా చేసేస్తాయి. గుండెకి బైపాస్ చేయాల్సి వచ్చిందంటే ఒంట్లో రక్తనాళాలు ఆ దారిలో చాలా దూరం వెళ్లాయనే అర్థం. గుండె నాళాలకి పట్టిన జబ్బు మెడ దగ్గర ఆగిపోదు.

ఇలా దెబ్బతిన్న మెదడులో మార్పులు మనం సాధారణంగా అనుకునే మతిమరుపులా ఉండవు. అల్జీమర్స్‌లో తొలిరోజుల్లో పొద్దున జరిగింది సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోతుంది, అడిగిందే అడుగుతారు. సన్ననాళాల జబ్బులో ముందు మందగించేది ఆలోచన వేగం. నాలుగు పనులు వరసగా పెట్టుకుని చేయడం, లెక్క చూసుకోవడం, ఒక పని మధ్యలో ఇంకోదానికి మారడం కష్టమవుతాయి. గుర్తుచేస్తే గుర్తొస్తుంది. అడుగులు చిన్నవవుతాయి, బాత్రూమ్‌కి వెళ్లేలోపే ఆపుకోలేకపోతారు, ఉత్సాహం తగ్గి ఊరికే కూర్చుంటారు. నడక నెమ్మదించడం, బ్యాంకు పనుల్లో తికమక అని మీరు రాసినవి నాకు అటువైపే చూపిస్తున్నాయి. అయితే దూరాన్నుంచి తేల్చేయగలిగింది కాదు. ఎనభైకి దగ్గరపడేవాళ్లలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి, నాళాల దెబ్బ కొంత, అల్జీమర్స్ కొంత. హైదరాబాద్ నిమ్స్‌లో మతిమరుపు క్లినిక్‌కి వచ్చినవాళ్లని వర్గీకరించి చూసినప్పుడు దాదాపు నాలుగో వంతు మందికి రక్తనాళాల వల్ల వచ్చిన డిమెన్షియానే (రోజువారీ పనులకి అడ్డొచ్చేంత మతిమరుపు) ఉంది. అంటే మన దగ్గర ఇది అరుదైన సంగతేమీ కాదు. దేశం మొత్తం మీద అరవై దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నవాళ్లు 7.4 శాతం, సుమారు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన అంచనా.

ఇప్పుడు లయ సంగతి. గుండె పై గదులు ఒక పద్ధతిలో ముడుచుకోకుండా వణుకుతూ ఉంటే, ఎడమ పై గదికి ఉండే చిన్న సంచిలాంటి మూలలో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ జారితే నేరుగా మెదడుకే వెళ్లే అవకాశం ఎక్కువ. లయ బాగున్నవాళ్లతో పోలిస్తే వీళ్లకి పక్షవాతం వచ్చే ప్రమాదం సుమారు ఐదు రెట్లు. పెద్ద గడ్డ వెళితే మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. చిన్నచిన్నవి వెళితే ఎవరికీ తెలియదు. ఆయన మామూలుగానే కాఫీ తాగుతుంటారు, పేపరు చదువుతుంటారు, ఎప్పుడో ఎంఆర్ఐ తీస్తే పాత మచ్చలు బయటపడతాయి. ఒక్కో మచ్చా కొంత జ్ఞాపకాన్నో, కొంత చురుకుదనాన్నో పట్టుకుపోయి ఉంటుంది. పక్షవాతం ఎప్పుడూ రానివాళ్లలో కూడా ఈ లయ తప్పే జబ్బు ఉంటే డిమెన్షియా ఎక్కువగా కనిపిస్తుంది.

దీనికి ఎకోస్ప్రిన్ సరిపోదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "రక్తం పల్చబడే మాత్ర వేస్తున్నాంగా" అని ఎకోస్ప్రిన్ చూపించే కుటుంబాలు చాలా ఉన్నాయి. గుండె నాళాల్లో కొవ్వు పేరుకున్నచోట ఎకోస్ప్రిన్ పనికొస్తుంది. గుండె గదిలో కట్టే గడ్డ మీద దాని ప్రభావం చాలా తక్కువ. 75 ఏళ్లు దాటినవాళ్లకి ఒకవైపు రక్తం పల్చబడే పాత మందు వార్ఫరిన్, ఇంకోవైపు ఆస్పిరిన్ ఇచ్చి బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. పక్షవాతం లాంటి పెద్ద దెబ్బలు వార్ఫరిన్ వైపు సగానికి తగ్గాయి. 2011లో కొత్తరకం మందు అపిక్సబాన్‌ని ఆస్పిరిన్‌తో పోల్చినప్పుడు ప్రమాదం సగానికి పైగా తగ్గింది, పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండువైపులా ఇంచుమించు సమానం. మీ నాన్నగారికి పక్షవాతం ప్రమాదం ఎంతో చూడటానికి డాక్టర్లు వేసే లెక్క ఇలా ఉంటుంది: వయసు 65 దాటినందుకు 1, బీపీకి 1, షుగరుకి 1, గుండె నాళాల జబ్బుకి 1. మొత్తం 4. మగవాళ్లకి 2 వస్తే చాలు, రక్తం పల్చబడే మందు ఇవ్వమంటారు. ఆయనకి 75 వచ్చిన రోజున ఇంకొకటి కలుస్తుంది.

మరి మతిమరుపుని కూడా ఆపుతుందా? 2018లో స్వీడన్‌లో ఈ లయ జబ్బున్న 4 లక్షల 40 వేల మందికి పైగా రికార్డులు చూస్తే, రక్తం పల్చబడే మందు వాడుతున్నవాళ్లలో డిమెన్షియా 29 శాతం తక్కువగా కనిపించింది. ఇది రికార్డుల్లో చూసిన సంగతి. మందు వాడేవాళ్లు మొదట్నుంచీ కాస్త ఆరోగ్యవంతులై ఉండవచ్చు కూడా. పక్షవాతం ప్రమాదం తక్కువగా ఉన్న, వయసులో చిన్నవాళ్లకి కేవలం జ్ఞాపకాన్ని కాపాడటానికి రివరాక్సబాన్ అనే రక్తం పల్చబడే మందు ఇచ్చి చూసిన మరో అధ్యయనంలో లాభం కనబడలేదు. అందుకని మందు వేస్తే మతిమరుపు పోతుందని నేను మాటివ్వను. మీ నాన్నగారి లాంటి మనిషికి పక్షవాతాన్ని ఆపడానికే ఆ మందు అవసరం. మెదడుకి అంతకంటే పెద్ద మేలు వేరే ఏముంటుంది?

ఎందుకు ఇవ్వలేదో ఆ కార్డియాలజిస్టునే అడగండి. కారణం ఉండవచ్చు: కడుపులో పుండు, ఇంతకుముందు రక్తస్రావం, కిడ్నీల పరిస్థితి. "పడిపోతారేమో, తలకి దెబ్బ తగిలితే రక్తం ఆగదేమో" అన్న భయం ఒక్కటే కారణమైతే మాత్రం ఇంకోసారి మాట్లాడించండి, చాలామందిలో ఆ భయం కంటే పక్షవాతం ప్రమాదమే పెద్దది. ఒకవేళ రక్తం పల్చబడే మందు మొదలుపెడితే ఎకోస్ప్రిన్ కొనసాగించాలా అని కూడా అడగండి. బైపాస్ అయి ఏడాది దాటి గుండె నిలకడగా ఉన్నవాళ్లకి చాలావరకు రక్తం పల్చబడే ఆ మందు ఒక్కటే చాలు, ఎకోస్ప్రిన్ అక్కర్లేదు, రెండూ కలిపితే రక్తస్రావం పెరుగుతుంది. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. ఇంకో మాట, చిన్నప్పటి కీళ్లవాతంతో గుండె కవాటం సన్నబడి లయ తప్పినవాళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి అపిక్సబాన్ లాంటి కొత్తరకం మాత్రలు పనికిరావు, ఏసిట్రోమ్ లాంటి పాత మందులే వాడాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. ఎకో రిపోర్టులో కవాటాల గురించి ఏం రాశారో చూస్తే మీకు ఆ సందేహం తీరిపోతుంది.

బీపీ దగ్గర కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 2019లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 9,361 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పై బీపీ 120 లోపు, రెండో జట్టుకి 140 లోపు ఉంచాలని చూశారు. 120 జట్టులో జ్ఞాపకశక్తి కాస్త తగ్గే దశ, అంటే డిమెన్షియాకి ముందు మెట్టు, 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనిపించింది గాని తేడా గట్టిగా తేలలేదు. అందులో షుగరు ఉన్నవాళ్లని తీసుకోలేదు కాబట్టి మీ నాన్నగారికి అది నేరుగా వర్తించదు. నాకు అంతకంటే నచ్చింది చైనా పల్లెల్లో జరిగింది. 326 గ్రామాల్లో దాదాపు 34 వేల మందికి, పెద్ద డాక్టర్లతో పని లేకుండా, ఊళ్లో ఉండే ఆరోగ్య సహాయకులే మందులు సర్దుతూ బీపీని 130/80 లోపు ఉంచడానికి ప్రయత్నించారు. నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గింది. 2025లో వెలువడిన ఈ ఫలితాలు మన పీహెచ్‌సీలు నడిపేవాళ్లు చదవాల్సినవి.

కానీ 74 ఏళ్ల మనిషికి, అందులోనూ షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి, కూర్చున్నప్పుడు 135 ఉన్న బీపీ లేచి నిలబడగానే 105కి పడిపోవచ్చు. అలా పడినప్పుడల్లా మెదడుకి రక్తం తగ్గుతుంది, పైగా కళ్లు తిరిగి కిందపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం. కాబట్టి ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకుని ఐదు నిమిషాలు అయ్యాక ఒకసారి, నిలబడ్డ ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడమనండి. పై అంకె 20, లేదా అంతకంటే ఎక్కువ పడితే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మాత్రలు ఏ పూట వేయాలి, ఏది తగ్గించాలి అన్నది అప్పుడు వాళ్లు చూస్తారు. ఆయన లయ తప్పిన మనిషి కాబట్టి మిషన్ ఒక్కసారి చూపిన అంకెని నమ్మొద్దు, మూడుసార్లు చూసి సరాసరి తీయాలి.

బైపాస్ గురించి మీ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. 2001లో అమెరికాలో 261 మంది మీద చేసిన పరిశీలన చాలా ప్రచారమైంది. డిశ్చార్జ్ అయ్యే రోజుకి 53 శాతం మందికి జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గాయి, ఐదేళ్లకి 42 శాతం మందిలో తగ్గుదల కనిపించింది. చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. తర్వాత గుండె జబ్బు ఉండి ఆపరేషన్ చేయించుకోనివాళ్లని కూడా పక్కన పెట్టి పోల్చి చూస్తే, ఏళ్లు గడిచాక తగ్గుదల రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. అంటే దూరకాలంలో మెదడుని తినేది ఛాతీ తెరిచిన ఆ రోజు కంటే రక్తనాళాల జబ్బే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మసకగా ఉండటం నిజమే, మీ నాన్నగారి మార్పు మాత్రం ఐదేళ్లు బాగున్నాక మొదలైంది.

బాబాయిగారి మాటకి జవాబు. స్టాటిన్ అనే ఈ కొలెస్ట్రాల్ మాత్రల వల్ల అరుదుగా కొందరికి తాత్కాలికంగా మరుపు రావచ్చని, ఆపితే సర్దుకుంటుందని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ లేబుల్ మీద రాయించింది. వాట్సాప్‌లో తిరిగేది దాని సాగదీతే. 70 నుంచి 82 ఏళ్ల మధ్య 5,804 మందికి ప్రవాస్టాటిన్ ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనంలో జ్ఞాపకశక్తికి చెడూ కనిపించలేదు, మంచీ కనిపించలేదు. బైపాస్ అయిన మనిషికి ఆ మాత్ర ఆపితే గుండెపోటు ప్రమాదం పెరుగుతుంది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియాని ఆపడానికో, ఆలస్యం చేయడానికో వీలున్న 14 కారణాలని లెక్కవేసింది. చెడు కొలెస్ట్రాల్ వాటిలో కొత్తగా చేర్చినవాటిలో ఒకటి. ఆ కారణాలన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో వెనక్కి నెట్టడమో చేయవచ్చని అంచనా. బీపీ, షుగరు, పొగ, ఊబకాయం, కదలకపోవడం, ఇలా గుండె డాక్టర్ రోజూ చెప్పేవే అందులో చాలా ఉన్నాయి.

"వయసేనా" అన్న ప్రశ్నకి మాత్రం నేను ఒప్పుకోను. డిమెన్షియా అనే ముద్ర వేసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, గుండె రోగుల్లో ఇవి మరీ ఎక్కువ. మొదటిది సోడియం. బీపీకి, కాళ్ల వాపుకి ఇచ్చే నీరు పోయే మాత్రలు, మన వేసవి చెమట, తక్కువ తిండి కలిస్తే సోడియం పడిపోతుంది, మనిషి రెండు రోజుల్లో తికమకగా తయారవుతాడు. మే నెలలో నా దగ్గరికి "ఉన్నట్టుండి మతి తప్పింది" అంటూ తీసుకొచ్చేవాళ్లలో చాలామందికి తేలేది ఇదే. రెండోది థైరాయిడ్. లయ సరిచేయడానికి అమియోడరోన్ వాడుతుంటే తప్పకుండా చూడాలి, అది థైరాయిడ్‌ని దెబ్బతీయగలదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకి బీ12 తగ్గుతుంది. నిద్రకని ఆల్ప్రాజోలమ్, నరాల నొప్పికని అమిట్రిప్టిలిన్, జలుబుకని మత్తుగా ఉండే మాత్రలు వేసుకుంటున్నారేమో మందుల డబ్బా బోర్లించి చూడండి. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నవి ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. గుండెపోటో బైపాసో అయ్యాక వచ్చే డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనబడుతుంది. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు, చెవుడు కూడా చూడాల్సినవే. చెవుడున్న పెద్దాయన ప్రశ్న వినబడక పొంతన లేని జవాబు చెబితే "మతి పోయింది" అంటాం.

ఇంతవరకు గుండె మెదడుని ఎలా దెబ్బతీస్తుందో చెప్పాను. ఎదురుదారి కూడా ఉంది, దాన్ని ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోరు. మతిమరుపు మొదలైన గుండె రోగికి మందుల మీద పట్టు పోతుంది. ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నారా నాన్నా" అంటే "ఆ, వేసుకున్నానమ్మా" అంటారు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగా అలాగే గుర్తు. బీపీ మాత్ర ఒక పూట పోతే సర్దుకుంటుంది. రక్తం పల్చబడే మందు మర్చిపోతే గడ్డ, రెండుసార్లు వేసుకుంటే రక్తస్రావం. అందుకే ఆ మందు మొదలుపెట్టే రోజే ఎవరి చేత్తో వేయాలో నిర్ణయించుకోండి. వారానికి సరిపడా గళ్ల డబ్బా కొని అమ్మగారో, పక్కింటి మనిషో నింపాలి, ఆయన మింగేది ఎదురుగా చూడాలి. ఖాళీ అయిన గడిని వీడియో కాల్‌లో మీరు చూస్తే మంచిది.

గుండె బలహీనపడి, ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి ఎంత రక్తం బయటికి నెడుతుందో చెప్పే అంకె) తక్కువగా ఉంటే అదనంగా రెండు పనులు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసి గోడ కేలండర్ మీద రాయాలి, రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే నీరు చేరుతోందన్నమాట. రెండోది ఉప్పు. మీ ఇంట్లో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఎక్కడుంటాయో ఆయనకి మతిమరుపులో కూడా గుర్తుంటుంది. డిమెన్షియా ఉన్నవాళ్లు ఛాతీ నొప్పిని చెప్పలేకపోవచ్చు. అన్నం మానేయడం, చెమటలు పట్టడం, అకారణంగా చిరాకు, రాత్రి పడుకోలేక లేచి కూర్చోవడం కనిపిస్తే గుండెని కూడా అనుమానించండి.

జ్ఞాపకానికి ఇచ్చే మందుల్లో డోనెపెజిల్ లాంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. మెటోప్రోలాల్ లాంటి మందు ముందే వాడుతుంటే రెండూ కలిసి నాడి మరీ నెమ్మదించి మనిషి కూలబడిపోవచ్చు. కాబట్టి ఎవరైనా ఆ మాత్ర రాస్తే ముందు ఈసీజీ తీశారా అని అడగండి. రాత్రుళ్లు గొడవ చేస్తున్నారని ఇచ్చే రిస్పెరిడోన్, క్వెటియాపిన్ రకం మాత్రలు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల్ని పెంచుతాయని 2005 నుంచి హెచ్చరిక ఉంది. తప్పనిసరైతే తప్ప వాడకూడదు, వాడినా కొద్ది రోజులకే. బ్రెయిన్ టానిక్‌ల మీద డబ్బు తగలేయొద్దు. జింక్గో మీద 3,069 మంది పెద్దవాళ్లతో అమెరికాలో చేసిన అధ్యయనం 2008లో తేల్చింది, అది డిమెన్షియాని ఆపలేదని. ఆ డబ్బుతో చెవి మిషన్ కొనండి.

వచ్చే నెల మీరు ఊరికి వెళ్తున్నానన్నారు కదా. పాత ఎకో, ఈసీజీలు, బైపాస్ డిశ్చార్జ్ సమ్మరీ, అన్ని మాత్రల అట్టలూ ఒక సంచిలో వేసుకుని ముందు ఫిజీషియన్‌కో, కార్డియాలజిస్టుకో చూపించండి. సోడియం, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, షుగరు చేయించండి. ఆ తర్వాత న్యూరాలజిస్టు. ఎంఆర్ఐ తీయాలా వద్దా వాళ్లు చెబుతారు. బైపాస్‌లో ఛాతీ ఎముకకి వేసిన తీగలు దానికి అడ్డం కాదు, పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి. జ్ఞాపక పరీక్ష ఇంగ్లిష్‌లో చేస్తే ఆయనకి అన్యాయం జరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన పరీక్షలు తెలుగులోనే ఉన్నాయి, చదువు తక్కువున్నవాళ్లకీ సరిపోతాయి, అవి అడగండి. బ్యాంకులో నామినీ, ఖాతాకి రెండో పేరు లాంటివి ఆయన ఇంకా తెలిసి సంతకం పెట్టగలిగినప్పుడే, ఆయనతో మాట్లాడి పూర్తి చేయండి.

అమ్మగారికి ఒక్క సంగతి మాత్రం నోటికి వచ్చేలా చెప్పి వెళ్లండి. మూతి ఒకవైపు జారినా, చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా, ఎవరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకుండా 108కి చేయాలి. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఆసుపత్రిలో దిగగానే అడిగే మొదటి ప్రశ్నలు రెండు: లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయి, రక్తం పల్చబడే మాత్ర ఆఖరిసారి ఎన్నింటికి వేశారు. గళ్ల డబ్బా పక్కనే చిన్న పుస్తకం పెట్టి టైము రాయమనండి.